సార్లకు సర్టిఫికెట్ కాదు.. క్లాసుల తోడు కావాలె

సర్కారు బడి గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక మాట తప్పకుండ వినబడ్తది. "సార్లకు మంచి ట్రైనింగ్ ఇస్తే అన్నీ సక్కగైతయి" అంటరు. ఇస్తలేరా అంటే, ఇస్తనే ఉన్నరు. సెలవుల్ల ట్రైనింగ్, నడుమ నడుమ స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు, ఫోన్‌ల దీక్ష యాప్, కోర్సుకో సర్టిఫికెట్. అయినా మూడో తరగతికి వచ్చిన పిల్ల రెండో తరగతి పుస్తకం చదవలేక ఎందుకు ఆగిపోతున్నది?

నేను బీఈడీ చదివినోన్ని కాదు. పదిహేనేండ్ల సంది సర్కారు బడుల కోసం కొట్లాడుకుంట, టీచర్లను అడుగుకుంట, దొరికిన రిపోర్టునల్లా చదువుకుంట నేర్చుకున్నోన్ని. నాకు సమజైన కాడికి ట్రైనింగ్ తక్కువై బడులు ఆగలే. హాల్‌ల నేర్చుకున్నది క్లాసు దాకా పోయే తొవ్వ లేదు. అసలు లోపం ఆడ ఉన్నది.

కాలువ చివరి మడి

మన దగ్గర ట్రైనింగ్ మెట్లు దిగుకుంట వస్తది. రాష్ట్రంల కొందరికి నేర్పుతరు. వాళ్లు జిల్లా రిసోర్స్ పర్సన్లకు చెప్తరు. వాళ్లు మండలాలోళ్లకు, ఆడికెల్లి టీచర్లకు. తూము కాడ నిండుగ పారిన నీళ్లు చివరి మడికి వచ్చేసరికి తడి మాత్రమే మిగిలినట్టు, పైన చేసి చూపించిన పని కింద తెర మీద బొమ్మలైతది.

నడిమిట్ల మెట్లు తగ్గిస్తమని కేంద్రం 2019 ఆగస్టుల 'నిష్ఠ' మొదలుపెట్టింది. 42 లక్షల మందికి ట్రైనింగ్ అన్నరు. కరోనా వచ్చినంక 2020 అక్టోబర్‌ల ఆన్‌లైన్‌కు మార్చి, దీక్షల 18 కోర్సులు పెట్టిన్రు. ఒక మేలు జరిగింది, ఒకటే పాఠం అందరికీ సూటిగ అందింది. గానీ యాప్‌కు తెలిసేది వీడియో చూసిన్రా, క్విజ్ రాసిన్రా అన్నదే. ఒకే రూంల మూడు తరగతులను కూసోబెట్టుకున్న మేడం తెల్లారి ఆ పాఠం ఎట్ల వాడిందో, యాడ ఆగిందో దానికేం తెలుసు?

2020 జాతీయ విద్యా విధానం టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలన్నది. మంచిదే. కాకపోతే పై ఆఫీసర్లు అడిగేది గంటల లెక్కనే అయితే, కిందికెల్లి వచ్చేది గూడ గంటల లెక్కనే. పిల్లకు చదువొచ్చిందా అన్నది ఆ కాలంల ఉండదు.

బీహార్‌ల కాలే, హర్యానాల అయ్యింది

ఇది నా ఒక్కని అనుమానం కాదు. 2019ల నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల తోటోళ్లు 'ప్రథమ్' సంస్థతోటి కలిసి ఈ సంగతినే పరీక్ష పెట్టి చూసిన్రు. పిల్ల ఏ తరగతిల ఉన్నదని కాకుండ, ఆమెకు ఎంతవరకు వచ్చో చూసి ఆడికెల్లి నేర్పే పద్ధతి అది.

బీహార్‌ల సర్కారు టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన్రు, పుస్తకాలిచ్చిన్రు. బడి నడిచే రోజుల్ల పిల్లల చదువుల మార్పు కనబడలే. అదే రాష్ట్రంల ఎండకాలం క్యాంపులు పెడితే, సర్కారు టీచర్లే నేర్పితే, పిల్లలు ముందటికొచ్చిన్రు. అంటే టీచర్లకు చేతకాక కాదు. బడి తెరిచినంక సిలబస్ ఒడగొట్టుడే పనైపోయింది, కొత్త పద్ధతికి టైం లేదు.

తర్వాత 2012-13ల హర్యానాల రెండు పనులు అదనంగ చేసిన్రు. రోజుల ఒక గంట దీనికే అని సర్కారే ఇడిసిపెట్టింది. ఇగ సూపర్‌వైజర్లు ముందుగాల తామే క్లాసు చెప్పి చూసిన్రు, ఆ తర్వాత బడులకు పోయి టీచర్లకు తోడున్నరు. ఆడ పిల్లల హిందీ చదువుడు మెరుగైంది. పద్ధతి అదే, టీచర్లు సర్కారోళ్లే. తేడా అంతా టైం కాడ, తోడు కాడ వచ్చింది.

మన తెలంగాణల 2022 ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' గూడ ఈ దారిదే. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు రావాలని పెట్టిన్రు. ఆలోచన సక్కంది. దాన్ని నిలబెట్టే టైం, తోడు యాడున్నయన్నదే నా ప్రశ్న.

టైం ఏది? తోడు ఏది?

ఈ తోడు కోసమే 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ పెట్టిన్రు. మన జిల్లాలు 33 అయినయి, సర్కారు డైట్‌లు మాత్రం పాత 10 జిల్లాల లెక్కనే ఉన్నయి. అండ్ల లెక్చరర్ పోస్టులు ఏండ్లకేండ్లు ఖాళీగ ఉంటున్నయి. హెడ్‌మాస్టర్లకే ఎంఈఓ పని గూడ అప్పజెప్పుతున్నరు. సీఆర్పీలు కాంట్రాక్టు కొలువుల్ల వివరాలు ఎక్కించుడుతోనే అలిసిపోతున్నరు. ఇగ క్లాసుల వెనక బెంచి మీద కూసోని, "మేడం, ఈడ ఇట్ల చేసి చూద్దాం" అనే మనిషి ఎవరు?

టైం సంగతి చూస్తే, విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను పెట్టొద్దన్నది. 2024 నవంబర్‌ల ఇంటింటి సర్వేకు ఎస్జీటీలను తీసుకపోయి ప్రైమరీ బడులను ఒంటిపూట నడిపిన్రు. కులాల లెక్క తేలాలె, నేను గూడ అది కావాలన్నోన్నే. గానీ దాని ఖర్చు పేదోళ్ల పిల్లల బడి టైంలకెల్లి కట్టుడు ఏం న్యాయం?

వంట చేసే అక్కను మర్వొద్దు

బడి అంటే సార్లు ఒక్కలే కాదు. 2013 జూలై 16న బీహార్‌లోని గండమన్ ఊర్ల మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు సచ్చిపోయిన్రు. వంట నూనెల పురుగుల మందు కలిసింది. నూనె తేడాగ ఉన్నదని వంట చేసినామె ముందే చెప్పిందని, పట్టించుకోలేదని అప్పట్ల వార్తలొచ్చినయి.

వంట చేసే అక్కకు ట్రైనింగ్ అంటే చేతులు కడుక్కోమని చెప్పుడే కాదు. సరుకు బాగలేకపోతే "ఇది పొయ్యి మీదికెక్కియ్య" అనే హక్కు ఆమెకున్నదని చెప్పాలె. ఆ మాట వినాలని హెడ్‌మాస్టర్‌కు గూడ నేర్పాలె.

మనం అడగాల్సినయి

ఇప్పుడు ఊరూరికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నయి, మహిళా సంఘాల అక్కలే ముందటున్నరు. కమిటీ కూసున్నప్పుడు సున్నాలు, బాత్‌రూంలతో పాటు ఇవి గూడ అడుగున్రి. పోయిన ట్రైనింగ్‌ల నేర్చుకున్నది మన బడిల ఏది మొదలైంది? దానికి రోజుల ఎంత టైం ఇస్తున్నరు? సార్‌కు ఆపతైతే సాయం చేసేటందుకు ఈ నెలల ఎవరన్న క్లాసుకొచ్చిన్రా? సార్ ట్రైనింగ్‌కు పోయిన దినం పిల్లలకు ఎవరు చెప్పిన్రు?

అడిగేటప్పుడు సార్ల మీదికి పోకున్రి. వాళ్లను పక్కన కూసోబెట్టుకోని అడుగున్రి. జవాబులు కాయితం మీద రాసి, డైట్‌ల ఖాళీలు నింపమని, బడి టైంల వేరే పనులు పెట్టొద్దని ఎంఈఓకు, డీఈఓకు పంపున్రి. పది ఊర్లకెల్లి ఒకటే తీర్మానం పోతే ఆఫీసుల దాన్ని పక్కకు పెట్టుడు అంత సులువు కాదు.