మాత్రలు నిలిపిన ప్రాణాన్ని పొగకు అప్పగించవద్దు



హెచ్.ఐ.వి. అంటే ఇక మరణమే అనుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మందులను క్రమం తప్పకుండా వాడుకొనేవారు ఈనాడు పనులు చేసుకుంటున్నారు, పిల్లలను చదివించుకుంటున్నారు, మనవళ్లను ఎత్తుకుంటున్నారు. అయితే ఇలా నిలిచిన ప్రాణాన్ని మరొక శత్రువు మెల్లమెల్లగా తీసుకుపోతున్నది. అది పొగాకు.

హెచ్.ఐ.వి. కంటే పొగే ఎక్కువ నష్టం

డెన్మార్క్ దేశంలో హెచ్.ఐ.వి. వైద్యం ఉచితం. అక్కడ దాదాపు 3 వేల మంది హెచ్.ఐ.వి. రోగులను పరిశీలించిన వైద్యులు తమ లెక్కలను 2013లో ప్రచురించారు. 35 ఏళ్ల వయసున్న హెచ్.ఐ.వి. రోగి పొగ త్రాగేవాడైతే సగటున 62, 63 ఏళ్ల వరకు, త్రాగనివాడైతే 78 ఏళ్ల వరకు బ్రతుకుతాడని తేలింది. పొగ వలన పోయే ఆయుష్షు సుమారు 12 ఏళ్లు, హెచ్.ఐ.వి. వలన పోయేది సుమారు 5 ఏళ్లు. అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు 2017లో మరొక లెక్క వేశారు. మందులు సరిగా వాడుతూ పొగ మానని హెచ్.ఐ.వి. రోగి ఎయిడ్స్ వలన కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ వలన చనిపోయే అవకాశం 6 నుండి 13 రెట్లు ఎక్కువట.

ఎందుకిలా? హెచ్.ఐ.వి. శరీరం లోపల ఎప్పుడూ కొద్దిపాటి వాపును కలిగిస్తూ ఉంటుంది. మందులు దానిని తగ్గిస్తాయి గాని పూర్తిగా పోగొట్టవు. పొగ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిసి రక్తనాళాలను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. గుండెపోటు, న్యుమోనియా, క్షయ, క్యాన్సర్ త్వరగా దగ్గరకు వస్తాయి.

తెలిసినా ఎందుకు మానలేరు?

2009లో అమెరికాలో చికిత్స పొందుతున్న హెచ్.ఐ.వి. రోగులలో నూటికి 42 మంది సిగరెట్ త్రాగేవారే. మిగిలిన ప్రజలలో నూటికి 21 మందే. హెచ్.ఐ.వి. ఉన్న వీరిలో చాలామంది పేదవారు. ఒంటరితనం, దిగులు, మద్యం అలవాటు, పదిమందిలో చిన్నచూపు వీరిని వెంటాడుతుంటాయి. "ఎలాగూ పోయేవాడినే, ఇదొక్కటి మానితే ఎంత, మానకపోతే ఎంత" అనే మాట వారి నోటనే కాదు, మన ఊళ్లలోనూ వినబడుతుంది. కానీ ఆ మాట ఇప్పుడు నిజం కాదు. మందులు వాడుకొనే మనిషికి ముందు చాలా ఏళ్లు ఉన్నాయి.

పేదవారి దగ్గరకే సాయం వెళ్లినప్పుడు

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పేద హెచ్.ఐ.వి. రోగులను చూసే ఒక క్లినిక్ ఉండేది. వారిలో చాలామందికి ఫోను లేదు, బస్సు చార్జీ లేదు, స్థిరమైన చిరునామా లేదు. "వారం వారం కౌన్సెలింగ్‌కు రండి" అంటే వారు ఎలా రాగలరు? అందుకని పరిశోధకులు వారికి సెల్ ఫోన్లు ఇచ్చి, తామే ఫోన్ చేసి మాట్లాడారు. 2006లో ప్రచురించిన మొదటి పరిశోధనలో 95 మంది పాల్గొన్నారు. మామూలు సలహా పొందినవారి కంటే ఫోన్ సాయం అందినవారు 3 నెలలకు ఎక్కువమంది మానగలిగారు. తరువాత 474 మందితో చేసిన పరిశోధనలోనూ మొదట్లో మేలు కనబడింది. అయితే ఫోన్లు ఆగిపోయాక, ఏడాది నాటికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో రోగులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి 8 సార్లు మాట్లాడే పద్ధతి నడిపారు. గుంపును నడిపేవారిలో ఒకరు హెచ్.ఐ.వి. ఉండి, తాను పొగ మానిన వ్యక్తి. దారి నడిచినవాడే దారి చూపాడన్న మాట. ఫ్రాన్స్‌లో 248 మందితో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో వరెనిక్లిన్ అనే మాత్ర వాడినవారిలో ఏడాది దాదాపు పూర్తయ్యేసరికి నూటికి 15 మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 6 మంది పూర్తిగా మానుకొని ఉన్నారు.

ఈ అంకెలను చూసి నిరుత్సాహపడనక్కరలేదు. పొగాకు సులువుగా వదిలే అలవాటు కాదని, మాటసాయం, మందు రెండూ కావాలని, ఆ సాయం మధ్యలో ఆగిపోకూడదని ఇవి మనకు చెబుతున్నాయి.

మీరు చేయగలిగినవి

1. నిజం చెప్పండి. "బీడీ త్రాగుతారా?" అని అడిగితే చాలామంది "ఎప్పుడో ఒకటి సిస్టర్" అంటారు. రోజుకు ఎన్నో సరిగా చెప్పండి. మేము తిట్టము, మీ సంగతి ఇంకొకరికి చెప్పము.

2. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా ఏదైనా పొగాకే. ఉత్తరాంధ్రలో అడ్డపొగ త్రాగే అమ్మలకు అంగిట్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

3. మానే తేదీ ముందే పెట్టుకొని ఇంట్లోవారికి చెప్పండి. ఆ రోజుకు ముందే అగ్గిపెట్టె, బీడీకట్ట ఇంట్లో లేకుండా చేయండి.

4. త్రాగాలన్న కోరిక కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది. నీళ్లు త్రాగండి, నాలుగడుగులు వేయండి, ఎవరితోనైనా మాట్లాడండి. మొదటి వారం కష్టం, తరువాత తగ్గుతుంది.

5. నికోటిన్ చూయింగ్ గమ్, మాత్రల గురించి డాక్టరుగారిని అడగండి. మీరు వాడే ఏ.ఆర్.టి. మందులు ఏవో తప్పక చెప్పండి. కొన్ని మందులు ఒకదానితో ఒకటి పడవు.

6. పొగ మానే కంగారులో ఏ.ఆర్.టి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు.

7. ప్రభుత్వ పొగాకు విరమణ సహాయ ఫోను 1800-11-2356 ఉచితం.

కుటుంబాలకు ఒక మాట

జారిపడి మళ్లీ ఒక బీడీ ముట్టించినవారిని "నీవు బాగుపడవు" అనకండి. నిలకడగా మానేలోపు చాలామంది ఎన్నోసార్లు ప్రయత్నిస్తారు. పక్కన కూర్చోండి, "మళ్లీ రేపటి నుండి చూద్దాం నాన్నా" అనండి. వారి ఎదుట మీరు కూడా కాల్చకండి. హ్యూస్టన్‌లో ఫోను చేసిన పని మన ఇళ్లలో మీ మాట చేయగలదు. పైగా ఆ మాటను మూడు నెలలకే ఆపవలసిన పని లేదు.

పొగ మానిన ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది. ఇప్పటికే ఆలస్యమైందని ఎవరూ అనుకోవద్దు. ఈసారి మందులకు వచ్చినప్పుడు బీడీ సంగతి కూడా మా సిస్టర్లతో చెప్పండి. మేము వింటాము.