ఒక్క సంచి, పదిహేడున్నర లక్షల ముక్కలు

కిరాణా దుకాణంలో మన చేతికందే పలుచని ప్లాస్టిక్ సంచికి మన దృష్టిలో ఆయుష్షు చాలా తక్కువ. దుకాణం నుండి వంటింటి గట్టు దాకా సరుకులు మోస్తే దాని పని తీరిపోతుంది. పప్పులు, పిండి డబ్బాల్లోకి చేరాక సంచి చెత్తబుట్టలోకి చేరుతుంది. దానితో మన సంబంధం తెగిపోయిందనుకుంటాం. గాలికి ఎగిరి మురుగుకాలువలో పడి, కాలువ నుండి ఏటికి, ఏటి నుండి సముద్రానికి కొట్టుకుపోయిన సంచి సంగతి మన కంటికి కనబడదు. కనబడని దాని గురించి ఆలోచించే అలవాటు మనలో చాలామందికి లేదు.

ఆ కనబడని ప్రయాణంలో చివరి మజిలీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఇంగ్లాండులోని ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని పూనుకున్నది. సముద్రజీవశాస్త్రంలో ఆమె చదువుతున్నది డిగ్రీ మాత్రమే. మరొక దేశం నుండి మార్పిడి పథకం కింద వచ్చిన ఇంకొక విద్యార్థిని ఆమెకు తోడైంది. వారికి మార్గదర్శి ప్రొఫెసర్ రిచర్డ్ థాంప్సన్. దేశపు నైరుతి తీరాన ఉన్న ఓడరేవు నగరం ప్లిమత్‌లోని విశ్వవిద్యాలయంలో ఈ అధ్యయనం జరిగింది. 2017 చివర ఒక శాస్త్ర పత్రికలో వెలువడిన దాని ఫలితాలు, ఒక్క సంచిని నిర్లక్ష్యంగా విసిరేయడమంటే ఏమిటో లెక్కగట్టి చూపాయి.

గురువు అడిగిన ప్రశ్న

ఈ విద్యార్థుల కృషి విలువ తెలియాలంటే ముందు వారి గురువు గురించి కొంత చెప్పుకోవాలి. సముద్రంలోని ప్లాస్టిక్ అనగానే మనకు తేలియాడే సీసాలు, చిక్కుపడిన వలలు గుర్తుకొస్తాయి. తీరాలను శుభ్రం చేసేవారు కూడా చాలాకాలం అలాంటి పెద్ద వస్తువులనే ఏరి లెక్క రాసుకునేవారు. కాళ్ల కింద ఇసుకలో కలిసిపోయిన చిన్న చిన్న ముక్కలు ఆ లెక్కల్లోకి ఎక్కేవి కావు. థాంప్సన్ దృష్టి వాటిపై పడింది. తీరంలో దొరికే అన్నిటికంటే చిన్న ప్లాస్టిక్ ముక్కను వెదికి తెమ్మని ఆయన తన విద్యార్థులను పురమాయించేవారు.

ఆ వెదుకులాట చివరకు సూక్ష్మదర్శిని కిందికి చేరింది. 2004లో ఆయన, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన చిన్న వ్యాసంతోనే 'మైక్రోప్లాస్టిక్' అన్న మాట శాస్త్రలోకంలో స్థిరపడింది. బ్రిటన్ తీరాల ఇసుకలో కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులు ఉన్నాయని ఆ వ్యాసం నిరూపించింది. దశాబ్దాల తరబడి సముద్రం నుండి సేకరించి భద్రపరిచిన ప్లవక జీవుల నమూనాలను పరిశీలించి, 1960ల నుండి అలాంటి రేణువులు పెరుగుతూ వచ్చాయని చూపింది. కుళ్లిన పదార్థం తినే ప్రాణులు, ఇసుకను మింగి బతికే పురుగులు, నీటిని వడగట్టుకుని బతికే బార్నకిళ్లు, ఈ మూడు రకాలనూ తొట్టెల్లో ఉంచి రేణువులను కలిపితే, కొద్ది రోజుల్లోనే మూడూ వాటిని మింగాయి. ఈ రంగంలో చేసిన కృషికి థాంప్సన్‌కు మరిద్దరు శాస్త్రవేత్తలతో పాటు 2023లో 'బ్లూ ప్లానెట్' పురస్కారం లభించింది.

చిన్న ముక్కలు ఉన్నాయని, వాటిని ప్రాణులు మింగుతున్నాయని ఆ విధంగా తేలింది. మరి పెద్ద సంచి చిన్న ముక్కలుగా మారుతున్నది ఎలా? ఎండకు పెళుసుబారి, అలల తాకిడికి చిట్లి ముక్కలవుతుందన్నది తెలిసిన సంగతే. ఇందులో ప్రాణుల పాత్ర కూడా ఉన్నదా అన్నది విద్యార్థులు చేపట్టిన ప్రశ్న.

తీరాన్ని శుభ్రం చేసే ప్రాణి

వారు ఎంచుకున్న ప్రాణి పేరు ఆర్కెస్టియా గామరెల్లస్. రొయ్యలు, పీతలు చెందిన వర్గానికే చెందినది. పొడవు రెండు సెంటీమీటర్లకు మించదు. రొయ్యను ఇరుపక్కల నుండి అదిమినట్టుండే శరీరం. ఉత్తర, పశ్చిమ ఐరోపా తీరాల్లో, పోటునీరు వచ్చి ఆగిన గీత వద్ద, రాళ్ల కింద, కుళ్లుతున్న నాచు కుప్పల్లో ఇది నివసిస్తుంది. రాయి కదిలిస్తే చటుక్కున గెంతుతుంది.

ఇది చేసే పని చూడటానికి అల్పం, ఫలితానికి ఘనం. అలలు ఒడ్డున పడేసిన నాచును ఇది కొరికి, చీల్చి, తింటుంది. ఆ చీలికలను సూక్ష్మజీవులు మరింత కుళ్లబెట్టి తిరిగి ప్రకృతిలో కలుపుతాయి. ఈ ప్రాణులు పక్షులకు, పీతలకు ఆహారమవుతాయి. సృష్టిలో ఏ పదార్థమూ వృథాగా మిగలకుండా చూసే అమరికలో ఇదొక చిన్న మర. యుగాలుగా ఈ మర సక్రమంగా తిరుగుతూనే ఉన్నది. దాని నోటికి అందినదేదైనా ఇంతకాలం కుళ్లి కలిసిపోయే వస్తువే.

విద్యార్థులు దాని ముందు సంచి ముక్కలు ఉంచారు. మూడు రకాలు తీసుకున్నారు: మామూలు ప్లాస్టిక్ సంచి, త్వరగా శిథిలమవుతుందని చెప్పి అమ్మే సంచి, సూక్ష్మజీవుల వల్ల కుళ్లిపోతుందని చెప్పి అమ్మే సంచి. సముద్రపు నీటిలో నానిన వస్తువుపై పట్టే సన్నని పాచిపొర ఉన్న ముక్కలను, లేని ముక్కలను కూడా పోల్చి చూశారు. ప్రయోగశాలలోనే కాక తీరంలోనూ పరిశీలన సాగించారు.

తేలినది ఇది. ఆ ప్రాణులు సంచిని సాగదీసి, చీల్చి, ముక్కలు చేశాయి. వాటి విసర్జనలోనూ, దాని చుట్టూనూ ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయి. ఆ రేణువుల సగటు వ్యాసం దాదాపు అర మిల్లీమీటరు. ఈ లెక్కన ఒక్క సంచి మొత్తాన్ని ఈ ప్రాణులు చీల్చివేస్తే దాదాపు 17 లక్షల 50 వేల ముక్కలు కాగలవని అంచనా వేశారు. సంచి మామూలుదైనా, శిథిలమవుతుందని పేరు పెట్టుకున్నదైనా చీల్చే వేగంలో తేడా కనబడలేదు. పాచిపొర పట్టిన సంచిని మాత్రం దాదాపు నాలుగు రెట్లు వేగంగా చీల్చాయి.

ఈ చివరి మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆ ప్రాణి ప్లాస్టిక్‌ను కోరి తినడం లేదు. దానిపై పట్టిన పాచిని ఆహారంగా గుర్తిస్తున్నది. తనకు అప్పగించబడిన పనినే, ఒడ్డుకు చేరిన దాన్ని చీల్చి శుభ్రం చేసే పనినే చేస్తున్నది. ప్రాణిలో లోపం లేదు. దాని పనిలోనూ లోపం లేదు. ఎన్నటికీ కుళ్లని వస్తువును దాని నోటికి అందించినది మనిషి. అందువల్ల తీరాన్ని శుభ్రపరిచే మరే ఇప్పుడు తీరాన్ని మలినపరిచే మరగా మారుతున్నది.

పాచి వాసన పన్నే వల

పాచిపొర వల్ల మోసపోయే ప్రాణి ఇదొక్కటే కాదు. 2016లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక పరిశోధక విద్యార్థి తన బృందంతో ప్లాస్టిక్ పూసలను దాదాపు మూడు వారాలు సముద్రంలో ఉంచి బయటికి తీశాడు. వాటి నుండి డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక వాయువు వెలువడుతున్నట్టు తేలింది. సముద్రంలో ఆహారం ఎక్కడ ఉన్నదో కొన్ని పక్షులకు తెలిపే వాసన అదే. ఆ వాసనను బట్టి ఆహారం వెదికే జాతుల పక్షులే ప్లాస్టిక్‌ను ఎక్కువగా మింగుతున్నాయని కూడా ఆ అధ్యయనం చూపింది.

సముద్రపు తాబేళ్లు ప్లాస్టిక్ సంచిని చూసి జెల్లీచేప అని భ్రమపడి మింగుతాయని మనం తరచుగా వింటుంటాం. కంటి భ్రమ ఒక్కటే కారణం కాదని 2020లో వెలువడిన మరొక అధ్యయనం తెలిపింది. 15 లాగర్‌హెడ్ తాబేళ్లకు వేర్వేరు వాసనలు చూపినప్పుడు, శుభ్రమైన ప్లాస్టిక్ వాసనను అవి పట్టించుకోలేదు. సముద్రంలో నాని పాచిపట్టిన ప్లాస్టిక్ వాసనకు మాత్రం ఆహారపు వాసనకు స్పందించినట్టే స్పందించి, ముక్కులు నీటిపైకి ఎత్తి వాసన చూశాయి.

మన బంగాళాఖాత తీరానికి ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. హైదరాబాదు మూసీ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆనకట్టలు, ముళ్లకంపలు దాటి మన వీధిలోని ఏ సంచి అక్కడిదాకా చేరుతుందో మనం చెప్పలేం. ఏటికి దారి ఉన్న ప్రతి వీధికీ సముద్రానికి దారి ఉన్నదని మాత్రం చెప్పగలం.

పేరులోనే ఊరట

"మేము వాడేది కుళ్లిపోయే సంచి" అని తృప్తిపడేవారున్నారు. ఇదే ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్ తన డాక్టరేట్ పరిశోధనలో భాగంగా ఈ తృప్తిని పరీక్షకు పెట్టారు. దుకాణాల్లో దొరికే ఐదు రకాల సంచులను మూడేళ్ల పాటు గాలిలో, మట్టిలో, సముద్రంలో ఉంచి గమనించారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరుబయట గాలిలో, ఎండలో ఉంచినవన్నీ తొమ్మిది నెలల్లో ముక్కలయ్యాయి. కంపోస్టుగా మారే రకం సంచి సముద్రంలో మూడు నెలలకే కనబడకుండా పోయింది. మట్టిలో మాత్రం అదీ 27 నెలల తర్వాత కూడా మిగిలే ఉన్నది. ఇక సూక్ష్మజీవుల వల్ల కుళ్లిపోతుందని ముద్ర వేసుకున్న సంచి మట్టిలో, సముద్రంలో మూడేళ్లు గడిపాక కూడా సరుకులు మోయగలిగేంత గట్టిగా ఉన్నది!

ముద్ర చూసి మనస్సాక్షిని నిద్రపుచ్చుకోవడం సులభం. సంచి మీద రాసిన మాటను సముద్రం చదవదు, పోటుగీత వద్ద గెంతే ప్రాణి చదవదు.

పట్టుకోగలిగిన సమయం

ఈ అధ్యయనాలన్నిటి నుండి మన ఇంటికి అందే మాట ఒకటే. సంచి సంచిగా ఉన్నంతకాలం ఒక పిల్లవాడు సైతం వంగి దాన్ని ఏరివేయగలడు. అది 17 లక్షల ముక్కలయ్యాక ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ కలిసినా ఏరలేవు. సరిదిద్దుకునే సమయం ఎంతో ముందే, మన చేతిలోనే ఉన్నది.

ఆ సమయాన్ని వినియోగించుకున్న దేశాలున్నాయి. 1988, 1998 వరదల్లో మురుగుకాలువలకు పలుచని సంచులు అడ్డుపడటం వల్ల కలిగిన కష్టాన్ని చూసిన బంగ్లాదేశ్, 2002లో అలాంటి సంచులను నిషేధించి ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశమైంది. అమలులో సడలింపు వచ్చినచోట సంచులు మళ్లీ వచ్చాయన్నది కూడా ఆ దేశం నేర్పిన పాఠమే. ఇంగ్లాండులో 2015 అక్టోబరు నుండి పెద్ద దుకాణాల్లో సంచికి 5 పెన్నీల రుసుము విధించారు. ప్రధాన సూపర్‌మార్కెట్లలో ఆ సంచుల అమ్మకం 95 శాతానికి పైగా పడిపోయింది. ఐదు పెన్నీలు ఎవరికీ భారం కాదు. అయితే ఉచితంగా వచ్చినంతకాలం ఆలోచించని మనిషి, ధర అడిగేసరికి ఒక్క క్షణం ఆగి ఆలోచించాడు. ఆ ఒక్క క్షణమే చాలింది.

మన దేశంలో 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్ల కంటే, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని సంచులు నిషిద్ధం. మందమైన సంచిని జనం దాచుకుని మళ్లీ మళ్లీ వాడతారన్నది ఈ నిబంధన ఉద్దేశం. చట్టం కాగితంపై ఉన్నది. సంతలో, చేపల బజారులో, టిఫిన్ బండి దగ్గర అది ఎంతవరకు అమలవుతున్నదో మనందరికీ తెలుసు. తయారుచేసే కర్మాగారాలను అదుపు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది, దాన్ని గుర్తుచేయవలసిన బాధ్యత పౌరులది. మన ఇంటి గుమ్మం లోపలి బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేం.

తలుపు వెనుక కొక్కేనికి రెండు గుడ్డ సంచులు వేలాడదీయడం పెద్ద త్యాగమేమీ కాదు. మాంసానికో చేపలకో వెళ్లేటప్పుడు స్టీలు డబ్బా తీసుకెళ్లవచ్చు. పండుగ రోజున బంధువులకు, ఇరుగుపొరుగుకు మాంసం పంచేటప్పుడు ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క సంచి చొప్పున ఎన్ని సంచులు వీధికెక్కుతున్నాయో లెక్కించి, వారి గిన్నెలోకే వడ్డించి పంపవచ్చు. మన పెద్దలకు ఇవి కొత్త విషయాలు కావు. సంతకు చేతిసంచి లేకుండా బయలుదేరినవారిని చూసి వారు నవ్వేవారు.

పిల్లల విషయంలో మరొక మాట. ప్లిమత్ విద్యార్థులు ప్రశ్నను మొదలుపెట్టినది పోటుగీత వద్ద గెంతే చిన్న ప్రాణితోనూ, దుకాణంలో దొరికే సంచితోనూ. అంతటి ప్రశ్నకు మన పిల్లలు కూడా అర్హులే. తీరప్రాంత పాఠశాలలు పోటునీరు ఆగిన గీత వద్ద మీటరు చదరం గీసి, పైపొర ఇసుకను జల్లెడపట్టి, దొరికిన ప్లాస్టిక్ ముక్కలను లెక్కపెట్టి నెలనెలా రాసుకోవచ్చు. తీరానికి దూరంగా ఉన్న పాఠశాలలు తమ చెరువు గట్టున, కాలువ ఒడ్డున అదే పని చేయవచ్చు. ఇంట్లో వారం రోజుల్లో ఎన్ని సంచులు వచ్చాయో లెక్కగట్టే పనిని అమ్మానాన్నలు ఈ రాత్రే పిల్లలకు అప్పగించవచ్చు. తన చేత్తో లెక్కించిన పిల్లవాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. రేపు దుకాణదారుడు సంచి తీయబోతే, "వద్దండీ, మా సంచి ఉంది" అని ఆ పిల్లవాడే ముందుగా అంటాడు.