మన ఆవరణలోని నిద్రగన్నేరు: కొట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు

మే నెల గాలివానకు బెంగళూరులోని మా సంఘం ఆవరణలో నిద్రగన్నేరు కొమ్మ ఒకటి విరిగి సైకిళ్ల మీద పడింది. ఆ రోజు ఆదివారం కాదు కాబట్టి సరిపోయింది. ఆదివారాల్లో సరిగ్గా అక్కడే పిల్లలు చాపలు పరుచుకుని తెలుగు అక్షరాలు దిద్దుకుంటారు. అప్పటి నుంచి సభ్యులు రెండుగా చీలిపోయారు. కొట్టించేద్దామని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. ఇలాంటి చెట్లు మన ఇళ్ల ముందు, గుళ్ల దగ్గర చాలాచోట్ల ఉన్నాయి గనుక మేము విచారించి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

కన్నడంలో దీన్ని మళె మర అంటారు, తమిళంలో తూంగుమూంజి మరం. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టే మన భాషలోనూ తమిళంలోనూ పేరులో నిద్ర వచ్చింది. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి నీడ కోసం తెచ్చి నాటిన చెట్టు.

ముందుగా లక్షణాలు. వేసవికి ముందు ఆకు రాలడం జబ్బు కాదు. కొత్త ఆకు వచ్చాక కూడా కొనకొమ్మలు మోడుగా ఉండిపోతే, మొదట్లో కుక్కగొడుగులు మొలిస్తే, ఒక పక్క నేల పగిలి పైకి లేస్తే అనుమానించాలి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. చెట్టు ప్రాణం బెరడు కిందనే ఉంటుంది. తొర్ర చుట్టూ గట్టి కలప ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

ఇక కారణాలు. ఇందులో మా తప్పే ఎక్కువ. బురద కాకూడదని ఆవరణంతా సిమెంటు చేయించాం, మాను మొదలు వరకూ. వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకుతుంది. వాటికి గాలీ నీరూ అందకుండా చేశాం. ఆ తర్వాత గొట్టం కోసం కాలువ తవ్వి కొన్ని వేళ్లు నరికించాం. ఉగాది దీపాలకు మేకులు కొట్టాం.

కెంగేరి దాటాక రామోహళ్లి దగ్గరున్న దొడ్డ ఆలద మర అసలు మాను జబ్బుతో పోయినా, ఊడల మీద బతుకుతోంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి, కొమ్మలకు ఊతాలు కట్టారు. మన చెట్టుకు ఊడలు లేవు. మాను కూలితే అంతే. అందుకే ముందే చూసుకోవాలి.

చేయవలసినవి ఇవి. మాను చుట్టూ సిమెంటు వేళ్లు తెగకుండా జాగ్రత్తగా పగలగొట్టాలి. రాలిన ఆకును తగలబెట్టకుండా ఆ మట్టి మీదే పరవాలి, కానీ మానుకు ఆనించకూడదు. వేసవిలో నీళ్లు మొదట్లో కాక కొమ్మల చివరి నీడ పడేచోట పోయాలి. తొర్రలో సిమెంటు కూరకూడదు, లోపల తేమ నిలిచి కుళ్లు పెరుగుతుంది. ఎండుకొమ్మలను తెలిసినవారి చేతనే తీయించాలి. తల నరికిస్తే ఆ గాయాల నుంచి కుళ్లు దిగుతుంది, కొత్తగా వచ్చే కొమ్మలకు పట్టు ఉండదు.

కొట్టాలన్నా మన ఇష్టం కాదు. 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం సొంత స్థలంలోనైనా చెట్ల అధికారి అనుమతి కావాలి. మేము పరిశీలనకు అర్జీ పెట్టుకున్నాం. మొదలు కుళ్లిందని తేలితే బాధపడుతూనే కొట్టిస్తాం, పిల్లల కంటే చెట్టు ఎక్కువ కాదు. బాగుందంటే సిమెంటు తీయించే ఖర్చు సంఘమే భరిస్తుంది. అంతవరకు తరగతి హాలులోపలే జరుగుతుంది. చెట్టు కింద బండ్లు కూడా పెట్టవద్దని సభ్యులకు మనవి.