అడిగింది అవకాశమే: నిఖత్ జరీన్ బాక్సింగ్ ప్రస్థానం

బాక్సింగ్ అనగానే కండలు తిరిగిన భారీ మనుషులే మనకు గుర్తుకొస్తారు. బక్కగా ఉన్నవాణ్ణి "నువ్వేం ఆడతవురా" అని కబడ్డీ జట్టులోంచి పక్కన పెట్టడం మన ఉప్పునుంతల హాస్టల్లోనూ చూశాం. కానీ బాక్సింగ్‌లో అలా కుదరదు. పోటీకి ముందు బరువు తూస్తారు. సమాన బరువు ఉన్నవాళ్లే తలపడతారు. ఈ పద్ధతి ఉండబట్టే న్యూయార్క్ పేద యూదుల వాడలో పుట్టిన బెన్నీ లియోనార్డ్ 1917లో లైట్‌వెయిట్ (సుమారు 61 కిలోలు) ప్రపంచ విజేత అయ్యాడు. 1925లో తానే తప్పుకునేదాకా ఆ బిరుదును ఎవరూ లాక్కోలేకపోయారు.

అంతకంటే తక్కువ బరువులో ప్రపంచాన్ని గెలిచిన అమ్మాయి మన తెలంగాణలోనే ఉంది. నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. మొదట పరుగు పందేలు ఆడేది. మైదానంలో బాక్సింగ్ చేసేవాళ్లంతా మగపిల్లలే. ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను బరిలోకి దించింది. ముఖానికి దెబ్బ తగిలితే రేపు పెళ్లెలా అవుతుందని తల్లి భయపడింది. బంధువులు దుస్తుల గురించి మాటలన్నారు. తండ్రి మాత్రం వెనక్కి తగ్గలేదు. 2011లో టర్కీలో ఆమె జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయం ఆటకు చాలాకాలం దూరం చేసింది.

అసలు పరీక్ష 2019లో వచ్చింది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో ఆరుసార్లు ప్రపంచ విజేత మేరీకోమ్‌ను ట్రయల్స్ లేకుండానే పంపుతారన్న మాట వినిపించింది. నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. తనను పంపమని అడగలేదు, అందరికీ ట్రయల్స్ పెట్టమని అడిగింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీలో ట్రయల్స్ జరిగాయి. నిఖత్ 9–1 తేడాతో ఓడిపోయింది.

అంత అడిగి ఓడిపోతే లోకం నవ్వదా? నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆమె మాత్రం మళ్లీ సాధనకే వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో టోక్యో రజత విజేత, టర్కీ బాక్సర్ చకిరోగ్లును ఓడించింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ క్రీడాకారిణి జుటమాస్‌పై 5–0తో గెలిచి ప్రపంచ విజేత అయింది. అంటే ఐదుగురు జడ్జీలూ ఆమెకే ఓటు వేశారు. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ వచ్చాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడి, పతకం లేకుండానే తిరిగొచ్చింది. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. మాకూ కొన్నిచోట్ల, జాబితాలో పేర్లు ముందే రాసి ఉన్నాయన్న మాట ఎదురైంది. అప్పుడు చాలామందిమి నోరు మెదపక ఇంటికొచ్చేశాం. ఓడిపోతే పరువు పోతుందన్న భయమే మన నోరు కట్టేస్తుంది. నిఖత్ కథ ఆ భయానికి జవాబు. అవకాశం అడగడానికి గెలుస్తామన్న హామీ అక్కర్లేదు. సెలక్షన్లయినా, సీటయినా, తేదీ ఎప్పుడు, నిబంధన ఏమిటి అని కాగితం మీద రాసి అడగండి. ఓడితే సాధన ఎట్లాగూ ఉంది. అడగకపోతే మాత్రం మన బరువు తూచేవాళ్లే ఉండరు.