లీజ్ కార్‌కి డీలర్ అమ్మే ప్రొటెక్షన్ ప్లాన్లు: ఏవి తీసుకోవాలి, ఏవి వద్దనాలి?

కొత్త ఫోన్ కొంటే బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న తప్పదు: "సర్, స్క్రీన్ ప్రొటెక్షన్ వేయమంటారా?" అమెరికాలో కార్ లీజ్‌కి తీసుకునేటప్పుడు ఇలాంటి ప్రశ్నే ఐదారు రకాలుగా ఎదురవుతుంది. ఇక్కడ ఒక్కో ప్లాన్ ఖరీదు వందల డాలర్లలో, కొన్నిసార్లు వేలల్లో ఉంటుంది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉంటున్న మనవాళ్లు ఈవీ లీజ్‌కి వెళ్లేటప్పుడు రేంజ్, స్క్రీన్ సైజ్, ఛార్జింగ్ స్పీడ్ అన్నీ కంఠతా పట్టి వెళ్తారు. తీరా చివర్లో ఫైనాన్స్ మేనేజర్ రూమ్‌లో పది నిమిషాలు కూర్చునేసరికి నెల పేమెంట్ పెరిగిపోతుంది. ఆ రూమ్‌లో ఏం అమ్ముతారో, అందులో మనకి పనికొచ్చేది ఏదో చూద్దాం.

ముందు లీజ్ లాజిక్

అమెరికాలో లీజ్ సాధారణంగా 36 నెలలు ఉంటుంది. ఏడాదికి 10,000 లేదా 12,000 లేదా 15,000 మైళ్ల లిమిట్ పెడతారు. లీజ్ అయిపోయాక కార్ విలువ ఎంత ఉంటుందో కంపెనీ ముందే రాసేస్తుంది. దాన్ని రెసిడ్యువల్ వాల్యూ అంటారు. ఈ మూడేళ్లలో తగ్గే విలువ, దాని మీద వడ్డీలాంటి రెంట్ ఛార్జ్, ట్యాక్స్ కలిపి మనం కడతాం. నాలుగో ఏడాది గేర్‌బాక్స్ పోయినా, ఆరో ఏడాది పెయింట్ వెలిసినా మనకి సంబంధం లేదు.

కాబట్టి ఏ ప్లాన్ చూపించినా అడగాల్సింది ఒక్కటే: "ఇది కవర్ చేసే నష్టం ఈ 36 నెలల్లో నా జేబు మీద పడేదేనా?" కాదంటే మనం కట్టేది తర్వాతి ఓనర్ కోసం.

"నెలకు కొంచెమే" వెనక లెక్క

ఫైనాన్స్ మేనేజర్ మొత్తం ధర చెప్పడు, నెలకు ఎంతో చెప్తాడు. 1,800 డాలర్ల ప్లాన్ తీసుకున్నాం అనుకుందాం. దాన్ని 36తో భాగిస్తే నెలకు 50. మనీ ఫ్యాక్టర్ 0.00250 అయితే రెంట్ ఛార్జ్ ఇంకో 4.50. అంటే నెలకు 54.50, మూడేళ్లకు 1,962 డాలర్లు. కొన్ని రాష్ట్రాల్లో దీనిమీద ట్యాక్స్ కూడా పడుతుంది. మనీ ఫ్యాక్టర్‌ని 2,400తో గుణిస్తే వడ్డీ రేటు వస్తుంది, ఇక్కడ 6%.

ఇంకో సంగతి: ప్లాన్ కలిపినందుకు రెసిడ్యువల్ వాల్యూ సాధారణంగా పెరగదు. కార్ విలువలో కొంత భాగమే మనం కడతాం కానీ ప్లాన్ ధర మాత్రం మొత్తం మనమే కడతాం.

మొహమాటం లేకుండా వద్దనాల్సినవి

ఎక్స్‌టెండెడ్ వారంటీ: టొయోటా, హోండా, ఫోర్డ్‌ లాంటి చాలా బ్రాండ్లకు బేసిక్ వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు. హ్యుందాయ్, కియాలకు 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. ఈవీ బ్యాటరీలకు సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు. మామూలు 36 నెలల లీజ్ మొత్తం కంపెనీ వారంటీలోనే గడిచిపోతుంది. దాని మీద ఇంకో వారంటీ కొనడమంటే ఒక ఫోన్‌కి రెండు ఛార్జర్లు ఒకేసారి పెట్టాలని చూడటమే. అయితే ఒక మినహాయింపు ఉంది. ఏడాదికి 15,000 మైళ్ల లీజ్ అయితే మూడేళ్లకు 45,000 అవుతుంది, 36,000 దాటాక బేసిక్ వారంటీ ఉండదు. 48 నెలల లీజ్‌దీ అదే సమస్య. అప్పుడు మాత్రం ఆలోచించొచ్చు. అప్పటికీ ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు చాలా బ్రాండ్లు 5 ఏళ్లు, 60,000 మైళ్ల వరకు వారంటీ ఇస్తాయని మర్చిపోవద్దు.

పెయింట్ కోటింగ్, సీట్ల ప్రొటెక్షన్, అద్దాల మీద నంబర్ చెక్కడం: మూడేళ్లలో తిరిగిచ్చేసే కార్‌కి ఇవేవీ అక్కర్లేదు. నెలకోసారి శుభ్రంగా కడుక్కుంటే చాలు.

కొనేముందు కాంట్రాక్ట్‌లో వెతకాల్సింది: గ్యాప్

కార్ దొంగల పాలైనా, యాక్సిడెంట్‌లో టోటల్ లాస్ అయినా ఇన్సూరెన్స్ ఆ రోజు మార్కెట్ విలువే ఇస్తుంది. లీజ్ బాకీ అంతకంటే ఎక్కువ ఉంటే ఆ తేడాని గ్యాప్ కవర్ భరిస్తుంది. ఇది నిజంగా అవసరమైనదే. కానీ చాలా లీజ్ కాంట్రాక్ట్‌లలో ఇది ముందే కలిసి ఉంటుంది. ఉందేమో చూసుకోకుండా మళ్లీ కొనకండి. లేకపోతే తప్పకుండా తీసుకోండి, మీ ఇన్సూరెన్స్ కంపెనీ రేటు కూడా కనుక్కోండి.

ఒక టిప్: నెల పేమెంట్ తగ్గుతుందని డౌన్ పేమెంట్ భారీగా కట్టొద్దు. కార్ టోటల్ లాస్ అయితే ఆ డబ్బుని గ్యాప్ సాధారణంగా వెనక్కి ఇవ్వదు.

రేటు బట్టి ఆలోచించదగ్గవి

టైర్-వీల్ ప్లాన్: గుంతలో పడి టైర్ పగిలితే, రిమ్ వంగితే ఖర్చు మనదే, వారంటీ రాదు. 20, 21 అంగుళాల వీల్స్ ఉన్న ఈవీలకు ఒక్కో టైర్‌కే 300 డాలర్లు దాటడం మామూలే. మీ ఏరియా రోడ్లు బాగోకపోతే, ప్లాన్ ధర రెండు టైర్ల ఖర్చు కంటే తక్కువైతే ఓకే. టైర్ అరుగుదలని మాత్రం ఇది కవర్ చేయదు.

కీ ప్లాన్: స్మార్ట్ కీ పోతే కొన్ని వందల డాలర్లు. ఫోన్‌నే కీగా వాడే కార్ అయితే దీని అవసరం ఇంకా తగ్గుతుంది.

వేర్ అండ్ టేర్ ప్లాన్: కార్ తిరిగిచ్చేటప్పుడు గీతలు, సొట్టలు, అరిగిన టైర్లకు వేసే ఛార్జీలను ఒక లిమిట్ వరకు మాఫీ చేస్తుంది. చిన్నపిల్లలున్న ఇల్లు, రోడ్డు పక్కన పార్కింగ్ అయితే పనికొస్తుంది. ఎక్కువ తిరిగిన మైళ్ల ఛార్జ్ సాధారణంగా ఇందులో రాదు. లీజ్ చివర కార్ మీరే కొనేసుకుంటే ఈ ఛార్జీలే ఉండవు, ప్లాన్ డబ్బు వేస్ట్.

ఏ ప్లాన్‌లోనూ లేని రిస్క్

మనవాళ్లకు అసలు భయం సొట్టలు కాదు, ఉద్యోగం. హెచ్-1బీ మొదటిసారి గరిష్ఠంగా మూడేళ్లకు ఇస్తారు, లీజ్ కూడా మూడేళ్లే. మధ్యలో లేఆఫ్ వచ్చి ఇండియాకి తిరిగి రావాల్సి వస్తే పైన చెప్పిన ఏ ప్లాన్ కూడా ఆదుకోదు. గ్యాప్ అనేది కార్ పోయినప్పటికే, మనం వెళ్లిపోయినప్పటికి కాదు. లీజ్ ముందే ముగిస్తే మిగిలిన పేమెంట్లలో పెద్ద భాగం మీద పడొచ్చు. కొన్ని లీజ్ కంపెనీలు ఇంకొకరి పేరుకి మార్చుకోనిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. కాబట్టి సంతకానికి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "లీజ్ ట్రాన్స్‌ఫర్ ఉందా?" అన్నదే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

సంతకం పెట్టే ముందు

ప్రతి ప్లాన్ పూర్తి ధర, డిడక్టబుల్, క్లెయిమ్ లిమిట్ కాగితం మీద చూపించమనండి. "ఇది తీసుకుంటేనే లీజ్ అప్రూవ్ అవుతుంది" అంటే నేరుగా లీజ్ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. అడగని ప్లాన్లు బిల్లులో చేరాయేమో లైన్ లైన్ చదవండి. 2022లో నేపల్టన్ అనే పెద్ద డీలర్ గ్రూప్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇల్లినాయ్ రాష్ట్రం సరిగ్గా ఇదే ఆరోపణ చేశాయి. కేసు కోటి డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది.

ఇప్పటికే తీసుకున్నారా? చాలా ప్లాన్లను మధ్యలో క్యాన్సిల్ చేయొచ్చు, మొదటి కొన్ని వారాల్లోనే అయితే ఎక్కువ మొత్తం వెనక్కి వస్తుంది. ఈ రోజే పేపర్లు తీసి క్యాన్సిలేషన్ క్లాజ్ చదవండి.

మా వెర్డిక్ట్: గ్యాప్ తప్పనిసరి, కానీ ముందు కాంట్రాక్ట్‌లో ఉందేమో చూడండి. టైర్-వీల్, వేర్ అండ్ టేర్ మీ రోడ్లు, పార్కింగ్ బట్టి. మిగతావన్నీ వద్దని, ఆ నెలకు 50 డాలర్లు పక్కన పెట్టుకోండి. మూడేళ్లకు 1,800 అవుతుంది. సొట్ట పడితే రిపేర్‌కి పనికొస్తుంది, పడకపోతే తర్వాతి ఫోన్‌కి.