అంగారకుడి మీద ఆ 39 నిమిషాలు ఎవరియి?

మన రోజుకు 24 గంటలు. అంగారకుడి మీద ఒక పగలు, ఒక రాత్రి గడవాలంటె 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు పడతది. మిగిలిన 39 నిమిషాలను ఏం జెయ్యాలె? సెకనును సాగదీస్తె సైన్సు లెక్కలన్నీ మళ్లా రాసుకోవాలె.

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ నవల 'రెడ్ మార్స్' 1992ల వచ్చింది. అండ్ల ఓ ఉపాయం చెప్పిండు. అర్ధరాత్రి 12 కొట్టంగనే గడియారాలు ఆగుతయ్. ముప్పై తొమ్మిదిన్నర నిమిషాలైనంక మళ్లా నడుస్తయ్. సెకను మారది, గంట మారది. నడుమల ఏ లెక్కకూ రాని టైం మనుషులకు మిగుల్తది.

2004ల స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు దిగినప్పుడు నాసా సైంటిస్టులు భూమ్మీదుండే మార్స్ టైం ప్రకారం డ్యూటీ జేసిన్రు. రోజుకు 40 నిమిషాలు వెనక్కి జరుగుకుంట పోతే, పద్దెనిమిది రోజులల్ల పగటి డ్యూటీ రాత్రి డ్యూటీ అయితది. నిద్ర ఏం గావాలె?

రేపు అక్కడ నిజంగనే ఊరు గడితే ఆ టైం పనోళ్ల నిద్రకు పోతదా, కంపెనీ షిఫ్టుల కలుస్తదా? రోజు ఎంత పొడుగో గ్రహం చెప్తది. దాన్ని ఎట్ల పంచుకోవాల్నో మనుషులే తేల్చుకోవాలె.