పోటీలో ఉంటూ పోటీపడని పరుగు

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్ల పరుగు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన 42.195 కిలోమీటర్ల దూరం 1921లో మారథాన్‌కు అధికారికంగా స్థిరపడగా, అందులో సరిగ్గా సగమే ఈ పరుగుకు కొలత అయింది. ఎక్కువమంది దీనిని ఒక పోటీగానే, అంటే ఆ రోజు తమ శక్తినంతా వెచ్చించి సాధ్యమైనంత తక్కువ సమయంలో ముగించవలసిన పరీక్షగానే చూస్తారు. పూర్తి మారథాన్‌కు సిద్ధమవుతున్నవారికి ఇదే పరుగు మరో విధంగా ఉపయోగపడుతుంది. రుసుము కట్టి, ఛాతీమీద అంకె వేసిన గుడ్డ, అంటే రన్నర్లు బిబ్ అని పిలిచేది, తగిలించుకుని, వేలమందితో కలిసి బయలుదేరి, పోటీపడకుండా పరిగెత్తి రావడాన్ని శిక్షణ పరుగు అంటారు. ఈ రెంటికీ దూరం ఒకటే అయినా శరీరంలో జరిగే పని వేరు.

తెలుగునాట దీని అవసరం ఇటీవల పెరిగింది. 2011లో మొదలైన హైదరాబాదు మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుండగా, తూర్పు నౌకాదళం 2014లో ఆరంభించిన వైజాగ్ నేవీ మారథాన్ సంవత్సరం చివరి నెలల్లో సాగరతీరంలో జరుగుతోంది. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను వంటి ఊళ్లకు ఈ పరుగులు దూరమే. అయినా ఆ ఊరున్న తిరువూరు ప్రాంతపు రోడ్ల మీద తెల్లవారుజామున పరుగు కొత్త దృశ్యం కాదు. పోలీసు కానిస్టేబులు ఎంపికకూ సైనిక ర్యాలీలకూ 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు ఇక్కడి పల్లెల్లో ఎందరో ఉన్నారు. వారిలో దీర్ఘదూరం వైపు మళ్లేవారికి విజయవాడలోనో మరో సమీప పట్టణంలోనో జరిగే హాఫ్ మారథాన్ మొదటి మజిలీ అవుతుంది.

1600 మీటర్ల సాధకుడికి 21 కిలోమీటర్లతో ఏం పని అన్న ప్రశ్నకు చరిత్రలో గట్టి సమాధానమే ఉంది. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులందరితో, 800 మీటర్లు పరిగెత్తేవారితో సహా, ఆదివారాలు సుమారు 35 కిలోమీటర్ల కొండదారి పరుగు చేయించేవాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 1961 డిసెంబరులో ఒక మారథాన్ పరిగెత్తి, కొన్ని వారాలకే, 1962 జనవరి 27న, మైలు పరుగులో 3 నిమిషాల 54.4 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మైలు అంటే 1609 మీటర్లు, అంటే దాదాపు మన పల్లెల యువకులు సాధన చేసే దూరమే.

దీర్ఘంగా, నిదానంగా పరిగెత్తినప్పుడు కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ప్రాణవాయువును వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే కణభాగాల సంఖ్య హెచ్చుతుంది, శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. ఇందులో మూడవదే మారథాన్‌కు ప్రాణం వంటిది. కండరాల్లోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది కాని, ఆ నిలవ చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. వేగం పెంచినకొద్దీ దాని ఖర్చు పెరుగుతుంది, తగ్గించినకొద్దీ కొవ్వు వాటా పెరుగుతుంది. హాఫ్ మారథాన్‌ను పూర్తి వేగంతో పరిగెత్తితే గ్లైకోజెన్ చాలావరకు కరిగిపోవడమే కాక కండరాల తంతువులు సూక్ష్మంగా చిట్లుతాయి. కోలుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మారథాన్‌కు నాలుగైదు వారాల ముందు అంత వ్యవధి కోల్పోవడం పెద్ద నష్టం.

లెక్క ఒకటి చూస్తే విషయం తేటపడుతుంది. మారథాన్‌ను నాలుగున్నర గంటల్లో ముగించాలనుకునేవారు కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్ల చొప్పున సాగాలి. కిలోమీటరుకు పట్టే ఈ సమయాన్నే రన్నర్లు పేస్ అంటారు. అటువంటి వ్యక్తి హాఫ్ మారథాన్‌ను పోటీగా పరిగెత్తితే సుమారు 2 గంటల 10 నిమిషాల్లో ముగించగలడు. శిక్షణగా అయితే మొదటి 10 కిలోమీటర్లు పక్కవారితో మాట్లాడగలిగేంత నిదానంగా, ఏడేసి నిమిషాల చొప్పున సాగి, తరువాతి 8 కిలోమీటర్లు మారథాన్ పేస్‌లో పరిగెత్తి, మిగిలినది మళ్లీ నిదానించి ముగించాలి. అప్పుడు పట్టేది దాదాపు 2 గంటల 23 నిమిషాలు. చేతనయ్యీ వదులుకున్న ఆ 13 నిమిషాలే ఈ పరుగులోని అసలు సాధన.

వదులుకోవడం తేలిక కాదు. ఆరంభరేఖ దగ్గర డప్పులు, సంగీతం, జనసందోహం గుండె వేగాన్ని ముందే పెంచుతాయి. 1600 మీటర్లకు అలవాటుపడిన కాళ్లు మొదటి కిలోమీటరులోనే ఉరకడానికి సిద్ధంగా ఉంటాయి. తనకంటే నెమ్మదైనవారు కూడా దాటిపోతుంటే ఊరుకోవడానికి కావలసిన నిగ్రహం ఒంటరి సాధనలో అలవడదు. రుసుము చెల్లించి మరీ ఈ పరుగులో చేరడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

మరో ప్రయోజనం తయారీకి సంబంధించినది. ఏ వేళకు నిద్రలేవాలి, బయలుదేరే ముందు ఇడ్లీ తింటే కడుపు ఒప్పుకుంటుందా, అరటిపండు చాలా, కొత్త బూట్లు కరుస్తాయా అన్నవన్నీ అసలు రోజుకు ముందే తేల్చుకోవచ్చు. నీటి విషయం మరింత ముఖ్యం. వానాకాలపు ఉక్కలో చెమట ఆరక ఒళ్లు చల్లబడదు, కనుక కృష్ణాతీరపు వాతావరణంలో పేస్ తగ్గించడం తప్పనిసరి. దాహానికి మించి వట్టి నీరు తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని పరీక్షించినప్పుడు 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదానికంటే తక్కువగా కనిపించింది; పరుగు మధ్య అతిగా తాగి బరువు పెరిగినవారిలోనే ఈ లోపం ఎక్కువగా ఉంది. దాహాన్ని బట్టి తాగాలని, దీర్ఘమైన పరుగులో ఓఆర్‌ఎస్ వంటి లవణాలు కలిసిన పానీయం వెంట ఉండాలని వైద్యులు చెప్పేది ఇందుకే. ఉప్పు కలిపిన మజ్జిగ పరుగు ముగిశాక మేలు.

పెనుగొలను పేరులోనే పెద్ద కొలను ఉంది. మెత్తని మట్టి ఉన్న చెరువుకట్టలు, మామిడి తోటల మధ్య డొంకలు ఈ ప్రాంతంలో సాధనకు అనువైనవి. తారురోడ్డు కంటే వీటి మీద అడుగు మెత్తగా పడుతుంది. అయితే హైదరాబాదు మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి కనుక, చదును నేలవారు వంతెనల ఎత్తు మీద కూడా సాధన చేయడం అవసరం. లారీలు తిరిగే జాతీయ రహదారి మీద చీకట్లో పరిగెత్తడం మాత్రం ఎంతమాత్రం తగదు.

శిక్షణ పరుగులో వచ్చిన సమయాన్ని మారథాన్ అంచనాకు వాడకూడదు. అమెరికన్ ఇంజనీరు పీట్ రీగెల్ 1977లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం హాఫ్ సమయాన్ని దాదాపు 2.08తో గుణిస్తే పూర్తి మారథాన్ సమయం వస్తుంది కాని, శక్తినంతా వెచ్చించిన పరుగుకే అది వర్తిస్తుంది. శిక్షణ సఫలమైందా అన్నదానికి గీటురాయి మరొకటి ఉంది. ఆదివారం 21 కిలోమీటర్లు ముగించిన వ్యక్తి బుధవారానికి ఎప్పటి సాధనకు నొప్పిలేకుండా తిరిగి రాగలిగితే అది శిక్షణ పరుగే; అప్పటికీ మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వస్తుంటే, పోటీపడనన్నవాడు పోటీపడ్డట్టే.